ముక్కు కడిగితే మంట, స్ప్రే కొడితే రక్తం: తేడా ఎక్కడ?

ప్రశ్న: దీర్ఘకాలిక సైనసైటిస్‌కి రోజూ ఉప్పునీళ్లతో ముక్కు కడగడం, ఆపైన స్టెరాయిడ్ స్ప్రే. కడిగినప్పుడల్లా మంట, చీదితే అప్పుడప్పుడు రక్తపు చారలు. పద్ధతిలో ఏం సరిచేయాలి?

జవాబు: మంట చాలావరకు ఉప్పు పాళ్ల వల్లేనండి. 240 మి.లీ. నీళ్లకి 2 గ్రాముల అయోడిన్ లేని ఉప్పు, అంటే అర టీస్పూను కంటే కాస్త తక్కువ, చిటికెడు వంటసోడా. ఉప్పు ఎక్కువైనా మంటే, తక్కువైనా మంటే. నీళ్లు కనీసం ఒక నిమిషం కళపెళా మరిగించి, గోరువెచ్చగా చల్లార్చినవే వాడండి. కుళాయి నీళ్లు నేరుగా వద్దే వద్దు! నెగ్లేరియా అనే అమీబా ముక్కుగుండా మెదడుకి చేరితే ప్రాణాలకే ముప్పు. అరుదే, కానీ ఆ ముప్పు తెచ్చుకోనక్కర్లేదు. ముందుకి వంగి, నోటితో గాలి పీలుస్తూ సీసాని మెల్లగా నొక్కండి. గట్టిగా నొక్కినా, వెంటనే బలంగా చీదినా నీళ్లు చెవివైపు ఎక్కుతాయి. సీసా రోజూ కడిగి ఆరబెట్టండి.

జవాబు: రక్తం సంగతికొస్తే, స్ప్రే ముక్కు మధ్యగోడకి తగులుతూ ఉండొచ్చు. కుడి రంధ్రానికి ఎడమచెయ్యి, ఎడమ రంధ్రానికి కుడిచెయ్యి వాడితే మొన దానంతటదే చెవివైపు తిరుగుతుంది. తల కాస్త వంచి మెల్లగా పీల్చండి. మందు గొంతులోకి జారిందంటే గట్టిగా పీల్చారన్నమాట. కడిగాక 10-15 నిమిషాలు ఆగి కొట్టండి. గుణం కనబడటానికి వారాలు పడుతుంది, మధ్యలో మానేయకండి. రక్తం తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి.

జవాబు: ముక్కు దిబ్బడ తగ్గించే ఆక్సీమెటజొలిన్ చుక్కలు వాడితే 3 రోజులు దాటనివ్వొద్దు, దిబ్బడ తిరగబెడుతుంది. కంటి చుట్టూ వాపు, రెండేసి కనబడటం, జ్వరంతో మెడ పట్టేయడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.