రేడియల్ వెలాసిటీ: వ్యాసార్థ వేగమా, దృష్టిరేఖా వేగమా?

ప్రశ్న: పరగ్రహాల (వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల) మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాం. రేడియల్ వెలాసిటీకి "వ్యాసార్థ వేగం", స్టెల్లార్ వాబుల్‌కి "నక్షత్ర కంపనం" అని రాశాం. సరిపోతాయా?

జవాబు: మొదటిది వద్దండీ. వ్యాసార్థం అనగానే చదివేవాళ్లకు గ్రహకక్ష్య వ్యాసార్థం తడుతుంది. ఇక్కడ కొలిచేది గ్రహాన్ని కాదు, అది లాగడం వల్ల కదిలే నక్షత్రాన్ని. అదీ మన కంటికీ నక్షత్రానికీ మధ్య గీత వెంబడి ఉన్న వేగాన్ని మాత్రమే. "దృష్టిరేఖా వేగం" అంటే ఆ సంగతి మాటలోనే ఉంటుంది. కక్ష్య ఎంత వాలి ఉందో ఈ కొలతకు తెలియదు కాబట్టే గ్రహానికి "కనీస ద్రవ్యరాశి" అని రాస్తారు. ఆకాశతలానికి (దృష్టిరేఖకు అడ్డంగా ఉండే తలానికి) కక్ష్య 30 డిగ్రీల వాలులో ఉంటే అసలు ద్రవ్యరాశి దానికి రెట్టింపు.

ఇంకొకరు: "రాకపోకల వేగం" అంటే పిల్లలకు తేలిగ్గా ఎక్కదా?

జవాబు: వినడానికి బాగుంది, విషయానికి కుదరదు. 51 పెగాసినే చూడండి, 1995లో ఖగోళ శాస్త్రవేత్తలు మేయర్, కెలో గ్రహాన్ని పట్టిన నక్షత్రం. అది సెకనుకు దాదాపు 33 కిలోమీటర్ల వేగంతో ఎప్పుడూ మనవైపే వస్తోంది. రాకే తప్ప పోక లేదు! గ్రహం వల్ల ఆ వేగం 4.23 రోజులకోసారి సెకనుకు 56 మీటర్లు అటూ ఇటూ మారుతుంది, అంతే. నక్షత్ర కాంతి వర్ణపటంలో 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరున్న గీత అందుకు జరిగేది 0.00009 నానోమీటరు. ఒక్క గీతతో అది తేలదు, వర్ణపటంలోని వేల గీతల్ని కలిపి చూడాలి. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే సెకనుకు 30 కిలోమీటర్ల వేగాన్ని, భూభ్రమణాన్ని లెక్కలోంచి తీసేయాలి. ఎక్స్‌పోజర్ (కాంతిని పోగుచేసే వ్యవధి) సగానికి చేరిన సమయం ఒక నిమిషం తప్పు పడితే, భూమధ్యరేఖ దగ్గర భ్రమణం ఒక్కదాని వల్లే సెకనుకు 2 మీటర్ల దాకా తేడా వస్తుంది. పోల్చి చూస్తే, భూమి సూర్యుణ్ణి కదిపేది సెకనుకు 9 సెంటీమీటర్లే.

మరొకరు: "కంపనం" కూడా మార్చాలి. సూర్యుడి లాంటి నక్షత్రాల ఉపరితలం దాదాపు 5 నిమిషాలకోసారి నిజంగానే కంపిస్తుంది. అది గ్రహం పని కాదు, కొలతకు అడ్డం. ఎక్స్‌పోజర్‌ను 10, 15 నిమిషాలు సాగదీసేది అది సగటున అణిగిపోవాలనే. రెండింటికీ ఒకే మాట వాడితే పాఠకుడు తికమకపడతాడు. గ్రహం లాగితే వచ్చేదాన్ని "ఊగు" అనండి.

ప్రశ్న అడిగినవారు: దృష్టిరేఖా వేగం, ఊగు. రెండూ మార్చేస్తున్నాం. కంపనాన్ని ఆ 5 నిమిషాల దానికే ఉంచుతాం.