నాన్నగారి వ్యవసాయ వ్యాసాలు గూగుల్‌లో కనబడటం లేదు, ఉచిత సాధనాలతో ఏం చేయవచ్చు?

ప్రశ్న

నమస్కారమండీ. మా నాన్నగారు చాలా ఏళ్లు నడిపిన చిన్న వ్యవసాయ మాసపత్రికలోని తొంభై వ్యాసాలను నిరుడు ఒక వర్డ్‌ప్రెస్ సైటులో పెట్టాను. కొన్నింటిని పేజీలుగా టైపు చేశాను, మిగిలినవి అప్పట్లో పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో దిద్దిన పీడీఎఫ్‌లు. వరిలో దోమపోటు గురించి, కందిలో ఎండు తెగులు గురించి ఆయన పొలం గట్టు మీద నిలబడి చూసి రాసినవి అవి. రైతులకు అందాలని నా ఆరాటం, కానీ గూగుల్‌లో వెతికితే ఒక్కటీ రావడం లేదు. ఒక సంస్థవారు నెలకు పదిహేను వేలు ఇస్తే మొదటి పేజీలోకి తెస్తామని హామీ ఇస్తున్నారు. ఆ స్తోమత నాకు లేదు. ఉచితంగా దొరికే సాధనాలతో పని మొదలుపెట్టాలంటే దేనితో మొదలుపెట్టాలి?

సమాధానం 1

మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది కనుక ఆ పదిహేను వేల మాట మరచిపోండి. మీకు మొట్టమొదట కావలసింది గూగుల్ సెర్చ్ కన్సోల్, అంటే మన సైటు గూగుల్‌కు ఎలా కనబడుతోందో చూపే ఉచిత సాధనం. 2015 వరకు దీన్నే వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవారు. సైటు మీదేనని నిరూపించుకున్న తరువాత, పైన ఉండే పెట్టెలో ఏదైనా ఒక వ్యాసం చిరునామా అతికించి చూడండి. ఆ పేజీ గూగుల్ సూచికలో (వెతికినప్పుడు చూపడానికి అది దాచుకునే పేజీల జాబితాలో) ఉందో లేదో, లేకపోతే ఎందుకు లేదో అక్కడే చెబుతుంది. నోఇండెక్స్ (సూచికలో చేర్చవద్దన్న ఆదేశం) అని కారణం చూపితే వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ విభాగం తెరవండి. సెర్చ్ ఇంజన్లను రావద్దని చెప్పే గడి ఒకటి అక్కడ ఉంటుంది. సైటు కడుతున్నప్పుడు దానికి టిక్కు పెట్టి, తరువాత తీయడం మరచిపోయేవారు చాలామంది. ఆపైన సైట్‌మ్యాప్, అంటే మీ సైటులోని పేజీల చిరునామాల జాబితా, సమర్పించండి. బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్ కూడా ఉచితమే, సెర్చ్ కన్సోల్‌లోని వివరాలను నేరుగా అందులోకి తెచ్చుకోవచ్చు.

సమాధానం 2

పై సలహా సరైనదే, అయితే పేజ్‌మేకర్ అన్న మాట చదవగానే నాకు వేరే అనుమానం వచ్చింది. దానికి ఏ సాధనమూ అక్కర్లేదు. మీ పీడీఎఫ్‌లో ఒక వాక్యాన్ని మౌస్‌తో ఎంచుకొని, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు అక్షరాలే వస్తే మంచిదే. ఇంగ్లీషు అక్షరాలూ, డాలరు గుర్తులూ, చుక్కలూ కలగాపులగంగా వస్తే మాత్రం ఆ పత్రిక అను వంటి పాత ఫాంట్లతో కూర్చినదని అర్థం. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను బొమ్మల్లా కూర్చేవి, కాబట్టి మన కంటికి తెలుగుగా కనబడేది యంత్రానికి అర్థంలేని గుర్తుల వరుస. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లు ఒకేలా గుర్తించేందుకు ఏర్పడిన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉన్నా, మన అచ్చు రంగం ఆ తరువాత ఎన్నో ఏళ్లు ఈ ఫాంట్ల మీదే నడిచింది. అందువల్ల మంచి సాహిత్యం, శాస్త్ర రచన ఎంతో ఇలా వెతుకులాటకు అందకుండా పడి ఉందన్నది నా బాధ. అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉచిత కన్వర్టర్లు ఉన్నాయి. లేదా పేజీ బొమ్మను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే అక్షరాలను గుర్తించి ఇస్తుంది. ఏ దారిన వెళ్లినా ఒత్తులు, మందుల మోతాదులు మాత్రం మూలంతో పోల్చి దిద్దవలసిందే.

సమాధానం 3

శీర్షికల సంగతి కూడా చూసుకోండి. పత్రికలో శీర్షిక కవితాత్మకంగా ఉంటే అందమే, కానీ పొలంలో నిలబడి ఫోన్ తీసిన రైతు "వరిలో సుడిదోమకు ఏ మందు" అని అడుగుతాడు, లేదా అదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాడు. సెర్చ్ కన్సోల్‌లోని పెర్ఫార్మెన్స్ నివేదికలో జనం ఏ మాటలతో వెతికినప్పుడు మీ పేజీ కనబడిందో 16 నెలల వరకు లెక్క దొరుకుతుంది. నా దృష్టిలో ఉచిత సాధనాలన్నిటిలో విలువైనది ఇదే. ఎన్నో సార్లు కనబడి, ఎవరూ నొక్కని పేజీల శీర్షికలను ముందు మార్చండి. సుడిదోమ, దోమపోటు అనే రెండు మాటలూ వ్యాసంలో సహజంగా వచ్చేలా చూడండి. మెటా కీవర్డ్స్ (చదివేవారికి కనబడకుండా పేజీ కోడ్‌లో పెట్టే వెతుకు మాటలు) నింపుతూ కూర్చోవద్దు. వాటిని లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. ఫోటోలు పెద్దవైతే స్క్వూష్ అనే ఉచిత సాధనంలో కుదించి, పేజీ వేగాన్ని కొలిచే గూగుల్ ఉచిత సాధనం పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పరీక్షించండి. ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడితే చాలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రెండో సమాధానంలో చెప్పినట్టు నోట్‌ప్యాడ్‌లో అతికించి చూశాను. "దోమపోటు" అన్న చోట ఒక్క తెలుగు అక్షరమూ లేదు, అన్నీ గుర్తులే. వర్డ్‌ప్రెస్‌లో ఆ గడికి టిక్కు కూడా అలాగే ఉంది, తీసేశాను. కన్వర్టర్‌తో ఒక వ్యాసం మార్చి చూస్తే నాలుగైదు చోట్ల ఒత్తులు తారుమారయ్యాయి కాబట్టి ఒక్కొక్కటీ నాన్నగారి పక్కన కూర్చొని చదివి దిద్దుకుంటాను. తొంభైలో ముందు వేటిని తీసుకోమంటారు?

సమాధానం 3 రాసినవారు

వరి వ్యాసాలతో మొదలుపెట్టండి. ఖరీఫ్‌లో దోమ ఉధృతి మొదలయ్యేలోగా ఆ పేజీలు సూచికలో ఉండాలి. గూగుల్ ట్రెండ్స్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను విడివిడిగా ఎంచుకొని చూస్తే ఏ మాటను ఏ నెలల్లో ఎక్కువగా వెతుకుతున్నారో తెలుస్తుంది. మిగతా వ్యాసాల వరుసను దాన్నిబట్టి నిర్ణయించుకోండి.