స్పెల్ చివర్లో గీత దాటుతున్న పాదం

పర్లాకిమిడిలో మేము సాధన చేయిస్తున్న 16 ఏళ్ల కుడిచేతి ఫాస్ట్ బౌలర్ మంచి వేగంతో, ఆలస్యంగా తిరిగే అవుట్‌స్వింగ్‌తో ఎదిగి వస్తున్నాడు; కానీ స్పెల్‌లో (ఒక విడతగా వేసే ఓవర్లలో) 4వ ఓవర్ నుంచి, ముఖ్యంగా యార్కర్ వేయబోయినప్పుడు, ముందు పాదం మడమతో సహా పాపింగ్ క్రీజును (బౌలర్ ముందు పాదం పూర్తిగా దాటకూడని గీతను) రెండు వేళ్ల మేర దాటిపోయి నోబాల్ అవుతోంది. మొదటి ఓవర్లలో ఈ ఇబ్బంది లేదు. అతని 16 అంగల రనప్‌ను టేపుతో కొలిచి సున్నంతో గుర్తు పెట్టాం. ఆ గుర్తును అడుగు వెనక్కి జరిపితే, స్పెల్ మొదట్లో పాదం గీతకు బాగా వెనకే పడి, గీతను అందుకోవాలని అంగ సాచడంతో లయ చెడింది. వీడియోలో చూస్తే, అలసిన తరువాత చివరి మూడు అంగలు పొడవవుతున్నాయి. నడుం నొప్పి లేదు. ఎదిగే ఎముకలు కనుక ఓవర్లు పెంచి అలవాటు చేయించడం నాకు సమ్మతం కాదు. బౌలింగ్ యాక్షన్ మార్చకుండా ఆ చివరి అంగలను నిలకడగా ఉంచడానికి ఏ డ్రిల్ చేయించాలి?