అల్లూరి సీతారామరాజు ఎవరివాడు? విశాఖవాడా, భీమవరంవాడా?

పాండ్రంగి కుర్రాడు:
జూలై 4 దగ్గర పడుతోంది కాబట్టి అడుగుతున్నాను. సీతారామరాజు గారు 1897లో పుట్టింది మన పాండ్రంగిలో, అమ్మగారి పుట్టింట్లో. పద్మనాభం మండలం, విశాఖ జిల్లా. ఇందులో ఎవరికీ డౌట్ లేదు. మరి 125వ జయంతికి ప్రధాని వచ్చి 30 అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించింది ఎక్కడ? భీమవరంలో! పుట్టిన గడ్డ మనది, పోరాడిన కొండలు మనవి, ప్రాణం పోయింది కొయ్యూరులో. చాలావరకు పాత విశాఖ జిల్లానే. పేరు మాత్రం వేరే ఊరికా?

మోగల్లు మనవడు:
తమ్ముడూ, కాస్త నెమ్మదించు. తొలిచూలు కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్ళడం మన ఆనవాయితీ. అంతమాత్రాన పిల్లాడి ఊరు మారిపోతుందా? అల్లూరివారి సొంతూరు భీమవరం పక్కన మోగల్లు. భీమవరంలో విగ్రహం పెడితే తప్పేముంది? ఆ రోజునే పాండ్రంగి ఇల్లు, చింతపల్లి పోలీస్ స్టేషన్ బాగుచేస్తామని కూడా ప్రకటించారు. అది చెప్పకుండా వదిలేశావు.

పాండ్రంగి కుర్రాడు:
ప్రకటనలు చాలా విన్నాం అన్నా. నేను అడిగింది విగ్రహం గురించి.

సీతమ్మధార సుబ్బు:
మా సీతమ్మధారలో విగ్రహం ఉందిగా, రోజూ దాని పక్కనుంచే వెళ్తాం.

రిటైర్డ్ హిస్టరీ మాస్టారు:
పుట్టిన ఊరి దగ్గరే ఆగిపోతే ఆయన నమ్మిందేమిటో ఎవరూ మాట్లాడరు. నాకు బాధ కలిగించేది అదే. రాజు మన్యంలో మొదట చేసింది తుపాకీ పట్టడం కాదు. సాధువులా బతికాడు. కల్లు, సారా మానమన్నాడు. ఖద్దరు కట్టమన్నాడు. కోర్టులకు వెళ్ళొద్దు, తగవులు పంచాయితీల్లో తీర్చుకోండి అన్నాడు. ఇదంతా సహాయ నిరాకరణ నుంచి తీసుకున్నదే. కానీ అహింసతో స్వరాజ్యం వస్తుందని ఆయన నమ్మలేదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు పోలీస్ స్టేషన్ల మీద దాడులు. తుపాకులు, తూటాలు తీసుకుని, ఏమేం తీసుకున్నదీ రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. తర్వాత తర్వాత ముందే కబురు పెట్టి వచ్చేవాడు. అదే మిరపకాయ టపా. బాణానికి మిరపకాయలతో పాటు ఉత్తరం కట్టి పంపడమన్నమాట. దామనపల్లి దగ్గర మాటు వేసినప్పుడు ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనకొచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల మీదే కాల్పులు జరిపించాడు. మనవాళ్ళను చంపకూడదన్నది ఆయన నియమం. ఇంత స్పష్టమైన మనిషిని పట్టుకుని మనమేమో కాన్పు ఎక్కడైందని కొట్టుకుంటున్నాం!

ఎంవీపీ శాంతి:
మాస్టారూ, తెల్లవాళ్ళనైనా చంపడం చంపడమే కదండీ. గాంధీగారు 1929లో రాజు గురించి రాస్తూ ఆయన ధైర్యానికి, త్యాగానికి నివాళి అర్పించారు. అయితే ఆ సాయుధ తిరుగుబాటును మాత్రం ఒప్పుకోలేనని అందులోనే చెప్పారు. నాదీ అదే మాట.

కొండదారి:
4న ఫ్యామిలీతో కృష్ణదేవిపేట సమాధి దగ్గరకు వెళ్దామనుకుంటున్నాం. నర్సీపట్నం నుంచి రోడ్డు ఎలా ఉందో ఎవరైనా చెప్పగలరా?

గూడెం బిడ్డ:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. విశాఖవాడా, భీమవరంవాడా అని అడుగుతున్నారు. మా మన్యం గిరిజనుల పేరు ఒక్కరి నోటి నుంచీ రాలేదు. మాస్టారూ, మీరు రాసినదంతా 'చేశాడు, వచ్చాడు, జరిపించాడు'. ఒక్కడే చేశాడా అదంతా? బట్టిపనుకుల గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర ఏమయ్యారు? రాజవొమ్మంగి స్టేషన్ లాకప్పులోంచి విడిపించిన మొట్టడం వీరయ్యదొర ఏమయ్యాడు?

పైన రోడ్డు సంగతి అడిగినవారికి: నర్సీపట్నం నుంచి కొండ మీదకు రోడ్డు వేయడానికే మావాళ్ళతో కూలి సరిగా ఇవ్వకుండా వెట్టి చేయించారు. చేయించింది గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. 1882 అటవీ చట్టంతో పోడు కొట్టడం, అంటే అడవి నరికి సాగు చేసుకోవడం, నేరమైంది. మా కడుపులు మండి లేచాం. రాజుగారు రాకముందు, 1879లోనే రంపలో లేచాం.

మోగల్లు మనవడు:
ఎవరూ కాదనలేదు తమ్ముడూ. కానీ రాజుగారే లేకపోతే ఆ కోపం అక్కడే ఆరిపోయేది. బాస్టియన్ అన్యాయం అంతకుముందూ ఉంది. అప్పుడెందుకు ఒక్క స్టేషనూ పడలేదు?

గూడెం బిడ్డ:
చూశారా? ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. మేం కోప్పడగలం, ఆలోచించలేం. ఆలోచన కింద మైదానం నుంచి రావాలి. అంతేనా?

మా చెల్లెలు టీచర్ ట్రైనింగ్ చేసింది. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పుడు మా ఊరి బడికి వచ్చే సారుకు మా పిల్లల భాష రాదు. చెల్లెలు ఇంట్లో కూర్చుంది. 2022లో పాడేరు కేంద్రంగా మా కొండలకు అల్లూరి పేరుతో జిల్లా ఇచ్చారు. పేరు ఇచ్చారు, ఉద్యోగం తీసుకున్నారు. జయంతి రోజున ఇది గుర్తుకొస్తుంది నాకు.

రిటైర్డ్ హిస్టరీ మాస్టారు:
బాబూ, కోర్టు తీర్పుకూ సీతారామరాజుకూ సంబంధం లేదు. నేనూ ఏజెన్సీలో పనిచేసినవాణ్ణే. మలేరియాతో మంచాన పడ్డాను, అయినా బదిలీ అడగలేదు. కింద నుంచి వచ్చిన ప్రతివాణ్ణీ దోపిడీదారుడంటే మనసు కష్టపెట్టుకుంటాను. రాజు కూడా కింద నుంచి వచ్చినవాడే. మీకోసం 27 ఏళ్ళు నిండకుండా చెట్టుకు కట్టించుకుని తూటాలు తిన్నాడు.

గూడెం బిడ్డ:
మాస్టారూ, మిమ్మల్ని అనలేదు. రాజుగారినీ అనలేదు. మా ఇంట్లో ఆయన పటం ఉంది, మా అమ్మ దీపం పెడుతుంది. 'మీకోసం' అన్నారు చూడండి, అక్కడే నాకు పేచీ. మాతో కలిసి చచ్చిపోయాడు. మాకోసం కాదు. 1924 మే 7న ఆయన పోయాక కూడా గంటందొర లొంగలేదు, జూన్‌లో పోరాడుతూ చనిపోయాడు. మల్లుదొరకు ఉరిశిక్ష వేసి, తర్వాత ద్వీపాంతరానికి మార్చి అండమాన్ పంపారు. తిరిగొచ్చి 1952లో ఇదే విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. మీ సిటీ ఎంపీ అండీ ఆయన! ఇక్కడున్నవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

సీతమ్మధార సుబ్బు:
నాకు ఇప్పుడే తెలిసింది.

ఎంవీపీ శాంతి:
మల్లుదొర గారి సంగతి నాకు తెలుసు, మా నాన్నగారు చెప్పేవారు. తుపాకీ వదిలి ఓటుతో పార్లమెంటుకు వెళ్ళారు. నేను మొదటి నుంచీ చెప్పేది ఇదే.

గూడెం బిడ్డ:
తుపాకీ పట్టినందుకే జనం ఓటేశారు మేడం.

పాండ్రంగి కుర్రాడు:
చర్చ ఎక్కడికో పోయింది. నేను జన్మస్థలం గురించి మొదలుపెట్టాను. పాండ్రంగిలో మా యూత్ తరఫున 4న సభ పెడుతున్నాం. అందరూ రండి, గూడెం అన్నా నువ్వూ రా.

గూడెం బిడ్డ:
వస్తాను. ఫ్లెక్సీ మీద గంటందొర, మల్లుదొర, వీరయ్యదొర పేర్లు వేయండి.

పాండ్రంగి కుర్రాడు:
అన్నా, జయంతి రాజుగారిది. అందరి పేర్లూ వేస్తే ఆయన చిన్నబోడా? పైగా వాళ్ళ ఫొటోలు మా దగ్గర లేవు.

మోగల్లు మనవడు:
పేర్లు వేస్తే ఎవరూ చిన్నబోరు. కానీ నాయకుడు ఒక్కడే, ఆ మాట మీద నేను ఉన్నాను.

గూడెం బిడ్డ:
నాయకుడెవరో నేను అడగలేదు. ఫొటోలు లేవని మాత్రం చెప్పకు తమ్ముడూ, పేరు రాయడానికి ఫొటో అక్కర్లేదు. ఫ్లెక్సీ ప్రింటింగ్‌కి ఎప్పుడిస్తున్నారో చెప్పు, ముందు రోజే వచ్చి ఆ మూడు పేర్లు నేనే రాసిస్తాను.