పిల్లులకు పెట్టిన అన్నానికి మానుపిల్లి, ముంగిసలు వస్తున్నాయి; ఏం చేయాలి?

ప్రశ్న (దేవరకొండ వైపు నుంచి):
మా ఇల్లు ఊరి చివర, బత్తాయి తోటను ఆనుకొని ఉంది. ఎవరివీ కాని 5 పిల్లులు రెండేళ్లుగా మా కొట్టంలోనే ఉంటున్నాయి. రాత్రి భోజనాలయ్యాక మిగిలిన అన్నంలో చేపల పులుసు కలిపి అరుగు మీద పెట్టి పడుకోవడం మాకు అలవాటు. నెల రోజులుగా అర్ధరాత్రి ఒక మానుపిల్లి (చెట్లెక్కే పునుగుపిల్లి జాతి జంతువు) వచ్చి గిన్నె ఖాళీ చేస్తోంది, పగలు ముంగిసలు తిరుగుతున్నాయి, మొన్న రాతి కట్టు సందులోకి ఒక నాగుపాము దూరడం మా అమ్మ చూసింది. పక్కింటివారు విషపు మందు పెట్టమంటున్నారు. పిల్లులకు తిండి మానేయడానికి మనసొప్పడం లేదు. వేరే దారి ఉంటే చెప్పగలరు.

జవాబు 1 (అచ్చంపేట నుంచి):
మందు మాట మాత్రం మరిచిపోండి. అది ముందుగా తినేది మీ పిల్లులే, ఆ తర్వాత మందు తిన్న ఎలుకను పట్టుకున్న గుడ్లగూబ కూడా పోతుంది. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముంగిసను, మానుపిల్లిని చంపడం నేరం. అసలు చిక్కు గిన్నెలో లేదు, గిన్నె తెల్లవార్లూ అక్కడే ఉండటంలో ఉంది. మిగిలిన మెతుకులకు ఎలుకలు, పందికొక్కులు వస్తాయి, వాటి వెనకే పాము వస్తుంది. నల్లమల అంచున ఉండే మేము పొద్దు గుంకక ముందే తిండి పెట్టి, దగ్గరే కూర్చొని, అరగంటలో గిన్నెలు కడిగి లోపల పెట్టేస్తాము. మొదటి వారం పిల్లులు రాత్రంతా అరిచి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. తర్వాత వేళకు వాటంతట అవే వచ్చి కూర్చోసాగాయి. మానుపిల్లి ఎక్కువగా పండ్లు తినే జంతువు కనుక చెట్ల కింద రాలిన పండ్లను కూడా ఏరివేయండి.

జవాబు 2 (పశువైద్యశాలలో పనిచేస్తున్నాను):
పై సలహా సరైనదే, కానీ రేబిస్ విషయం ఎవరూ ఎత్తలేదు. కుక్కలకే కాదు, పిల్లులకు, ముంగిసలకు, నక్కలకు కూడా ఆ జబ్బు సోకుతుంది కనుక, పగటిపూట మనిషిని చూసి బెదరకుండా తూలుతూ వచ్చే జంతువు దగ్గరికి వెళ్లవద్దు. పిల్లికి 3 నెలలు నిండాక టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువుకు మళ్లీ వేయించండి. ఎవరినైనా కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం అద్దడం వంటివి చేయకూడదు. పిల్లులకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించడం కూడా ముఖ్యం, ఎందుకంటే ఆడపిల్లి 5 నెలలకే చూలు కట్టగలదు, సుమారు 9 వారాల్లో ఈనుతుంది. ఇప్పుడున్న 5 పిల్లులు వచ్చే ఏడాదికి ఎన్ని అవుతాయో మీరే లెక్క వేసుకోండి.

జవాబు 3 (మహబూబ్‌నగర్ నుంచి):
ఒక్క మాట కటువుగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. మనం అడవి జంతువుల వల్ల పిల్లులకు ముప్పు అంటున్నాము గానీ, మన పిల్లుల వల్ల వాటికి కలిగే ముప్పు కూడా తక్కువేమీ కాదు. మా చేను గట్ల మీద కంజు పిట్టల గూళ్లను పిల్లులు ఖాళీ చేయడం నేను కళ్లారా చూశాను. జంగపిల్లి (అడవి పిల్లి) నాటు పిల్లితో కలిసి పిల్లలను కనగలదు, పిల్లుల జబ్బులు దానికీ అంటుకుంటాయి. అందుకే చీకటి పడ్డాక వాటిని కొట్టంలో పెట్టి తలుపు వేయడం రెండు వైపులా మేలు.

అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. 4 రోజులుగా సాయంత్రం 5 గంటలకే తిండి పెడుతున్నాను. మానుపిల్లి నిన్న వచ్చి, ఖాళీ అరుగును వాసన చూసి వెళ్లిపోయింది. కట్టు సందులను మట్టితో పూడ్చాము. కొట్టానికి తలుపు మాత్రం లేదు. ఇనుప జాలీ బిగించడానికి మనిషిని పిలిచాను, ఎంత సన్నని కన్ను ఉన్న జాలీ అయితే పాము దూరదో చెప్పగలరా?