అప్‌డేట్: కొత్త రైజెన్ కోసం ఆగాలా, ర్యామ్ మార్చాలా?

నా పీసీలో ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 7600 ఉంది, కొత్త ప్రాసెసర్ వచ్చేదాకా ఆగాలా, ర్యామ్ మార్చాలా అని అడిగాను కదా. ర్యామే మార్చాను. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ విడిభాగాల మార్కెట్) డీడీఆర్5-6000 సీఎల్30 (6000 వేగం, 30 ఆలస్యం అంకె) ర్యామ్ స్టిక్కులు, 16 జీబీవి రెండు తీసుకున్నాను. నాలుగు స్టిక్కులు వద్దని కొందరు చెప్పిన మాట నిజం: ఏఎండీ లెక్కలోనే 7600కి నాలుగు పెడితే వేగం 3600కి పడిపోతుంది. రెండు స్టిక్కుల్నీ మదర్‌బోర్డ్ రెండో, నాలుగో స్లాట్లలో పెట్టి, ముందు బయోస్ (బోర్డుని నడిపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, ఆ తర్వాతే ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి. మొదటిసారి కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. అది మెమరీ ట్రైనింగ్, అంటే కొత్త ర్యామ్‌కి సిస్టమ్ సర్దుకోవడం, కంగారుపడి పవర్ తీయొద్దు. ర్యామ్ వేగం 6400 దాటితే సాధారణంగా మెమరీ కంట్రోలర్ సగం వేగానికి దిగుతుంది, అందుకే 7200 కిట్‌కి అదనంగా డబ్బు పెట్టడం దండగ. ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసి వేగం పెంచే బదులు, దాని వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ సెట్టింగ్ మైనస్ 15 చాలు, మన మే ఎండల్లో ఏసీ లేని గదికి అదే మేలు. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్‌కి కనీసం 2027 దాకా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ చెప్పింది కాబట్టి ప్రాసెసర్‌కి తొందరేం లేదు.