కారు ఇన్సూరెన్స్ ఆటో రెన్యువల్: ఉంచాలా, పీకేయాలా?

ఉప్పల్ స్విఫ్ట్:
ఇంకో పది రోజుల్ల పాలసీ అయిపోతుంది, మీ కార్డు నుంచి ప్రీమియం దానంతట అదే కట్ అయితదని కంపెనీ మెసేజ్ పెట్టింది. నన్నడగకుండ నా పైసలు ఎట్ల తీస్కుంటరు అసలు? బయట చూస్తే అదే కవర్ తక్కువకొస్తుంది. తీసేద్దామనుకుంటున్న, ఏమంటరు?

మియాపూర్ బాబాయ్:
అడగకుండా అనకు తమ్ముడూ, ఓటీపీ కొట్టకుండా కార్డు మీద మాండేట్ (ఏటా దానంతట అదే కట్ చేసుకోమని మనమిచ్చే అనుమతి) పడదు, 2021 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ రూల్ అది. కట్ అయ్యే 24 గంటల ముందు బ్యాంకు చెప్పాలి, వద్దనుకుంటే అప్పుడైనా ఆపేయొచ్చు. నేనైతే ఉంచమనే అంటా. బండి పాలసీకి గడువు దాటాక కట్టుకునే గ్రేస్ పీరియడ్ ఉండదు, అర్ధరాత్రి దాటిందంటే కవర్ లేనట్టే, తెల్లారి ఎవరికైనా తగిలిస్తే యాక్సిడెంట్ కేసులు చూసే ట్రిబ్యునల్ వేసే పరిహారం మొత్తం ఓనర్ నెత్తి మీదే, అది ఎన్ని లక్షలైనా సరే. దాని ముందు పోలీసుల 2000 ఫైన్ ఎంత. 90 రోజులు దాటితే ఐదేళ్ళు క్లెయిమ్ లేకుండా తెచ్చుకున్న 50 శాతం ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకు సొంత బండి డ్యామేజీ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా గోవిందా.

టోలీచౌకి వాలా:
బాబాయ్, మీరు చెప్పేదంతా లాప్స్ గురించి, అంటే టైమ్‌కు కట్టక పాలసీ ఆగిపోవుడు గురించి. ఫోన్‌ల రిమైండర్ పెట్టి చేత్తో కట్టినా లాప్స్ కాదు కదా! ఆటోల కట్టేస్తే అసలు ఎవడూ పేపర్ తెరిచి చూడడు, ఐడీవీ (బండికి కంపెనీ కట్టే విలువ) ఎంత వేసిండ్రు, యాడాన్‌లు (పైసలు పెట్టి కలుపుకునే అదనపు కవర్‌లు) ఏమున్నయి, ఏం పోయినయి అని. 2020 అక్టోబర్ వానలకు మా పక్క నదీమ్ కాలనీ మొత్తం మునిగింది, నీళ్ళల్ల నిలబడ్డ బండికి సెల్ఫ్ కొడితే ఇంజిన్‌లకి నీళ్ళు పోయి సీజ్ అయితది, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడాన్ లేకుంటే మామూలు కాంప్రహెన్సివ్‌ల ఆ ఇంజిన్ ఖర్చు ఇయ్యరు. మా ఏరియాల ఉండేటోడు ఏడాదికోసారి పది నిమిషాలు కూసోని చూస్కోవాల్సిందే.

మణికొండ నెక్సాన్:
అమ్మేసిన బండి సంగతి ఎవరూ చెప్పట్లేదేంటి? మా బావగారు పాత కారు అమ్మేశారు, మాండేట్ మాత్రం అలాగే ఉంది, టైమ్ రాగానే ప్రీమియం కట్. క్యాన్సిల్ చేయమంటే థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి కవర్) తప్పనిసరి కాబట్టి బండికి వేరే పాలసీ ఉన్నట్టు కాపీ తెమ్మంటున్నారు, కొన్నాయన ఫోనే ఎత్తట్లేదు. ఇంకోటి, కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్ళు వస్తుంది కదా, ఓన్ డ్యామేజ్ (మన బండికే అయ్యే నష్టానికి కవర్) కూడా మూడేళ్ళే అనుకునేవాళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే బోలెడు మంది, ఏడాదికే అయిపోతుందండీ అది. అలాంటివాళ్ళకి ఆటోనే నయం.

మియాపూర్ బాబాయ్:
అమ్మినప్పుడు మాండేట్ తీయాలి, అది ఒప్పుకుంటా. కానీ ఒకసారి కట్ అయితే ఇక ఇరుక్కుపోయినట్టు మాట్లాడొద్దు. 2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీలకి రూల్స్ పెట్టే సంస్థ) ఇచ్చిన సర్క్యులర్ చూడండి, కారణం చెప్పకుండా ఎప్పుడైనా క్యాన్సిల్ చేసుకోవచ్చు, ఏడాది పాలసీ అయ్యి క్లెయిమ్ లేకపోతే మిగిలిన రోజుల లెక్కన డబ్బు వెనక్కివ్వాలి. కంపెనీ తనంతట తాను రద్దు చేయాలంటే మాత్రం మోసం రుజువవ్వాలి, కనీసం 7 రోజుల నోటీసు ఇవ్వాలి. తిప్పించుకుంటుంటే ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో కంప్లైంట్ పడేయండి, వాళ్ళ హెడ్డాఫీసు నానక్‌రామ్‌గూడలోనే ఉంది.

టోలీచౌకి వాలా:
అంటే ముందు కట్టి తర్వాత తిరగాలన్నట్టు. రూల్ మంచిదే, తిరిగే ఓపిక ఎవరికుంది సార్?

ఉప్పల్ స్విఫ్ట్:
సరే నేను వేరే కంపెనీకి పోతున్న. ఎన్‌సీబీ పోతదా? ముందు ఏది చేయాలె, కొనుడా, ఆపుడా?

మణికొండ నెక్సాన్:
పోదు, ఎన్‌సీబీ ఓనర్‌ది, కంపెనీది కాదు. ముందు కొత్తది కొను, పాతది అయిపోయిన మర్నాటి నుంచి మొదలయ్యేలా. అది చేతికొచ్చాక బ్యాంక్ యాప్‌లో మాండేట్ తీసెయ్, కంపెనీకి మెయిల్ పెట్టి ఊరుకోకు. ఇంజిన్ ప్రొటెక్ట్ పెట్టించుకో, ఉప్పల్‌లో కూడా నీళ్ళు తక్కువేం నిలబడవు.